జబ్బుల లెక్కలో వాడ ఎక్కడ?

ఏటా వానలు మొదలవగానే పత్రికల జిల్లా పేజీల్లో ఒకే వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఊరి పేరు మారుతుంది, అంకెలు మారతాయి, అంతే. ‘ఎస్సీ కాలనీలో డయేరియా, ఇరవై మందికి అస్వస్థత, వైద్య శిబిరం ఏర్పాటు’. చివర ఒక అధికారి మాట: పరిస్థితి అదుపులో ఉంది, నీళ్లు కాచి చల్లార్చి తాగాలి, పరిసరాలు శుభ్రంగా ఉంచుకోవాలి. మూడో రోజుకు శిబిరం ఎత్తేస్తారు. నాలుగో రోజుకు వార్త కూడా ఉండదు.

ఆ వార్త చెప్పనిది ఒకటుంది. అదే ట్యాంకు నీళ్లు తాగే ఊళ్లో ఎంతమందికి వాంతులయ్యాయి? ఊళ్లో ఎవరికీ కాకపోతే, వాడకు వచ్చే పైపు ఎక్కడ పగిలింది, ఏ మురికికాలువలోంచి వస్తోంది? పోయినేడాది ఇదే నెలలో ఇదే వాడలో ఎంతమంది పడిపోయారు? ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అన్న ఈ మూడు ప్రశ్నలు వరసగా అడిగి, జవాబులను లెక్కగట్టి, కారణం దాకా వెళ్లే శాస్త్రం పేరు ఎపిడెమియాలజీ. మన పుస్తకాల్లో దీన్ని ‘అంటువ్యాధుల శాస్త్రం’ అని రాస్తుంటారు. ఆ పేరు ఇరుకైంది. నల్లగొండలో వంగిపోయిన ఎముకలూ ఈ శాస్త్రం పరిధిలోవే, ఉద్దానంలో పాడైన కిడ్నీలూ ఈ శాస్త్రం పరిధిలోవే. అవేవీ అంటుకునేవి కావు. డాక్టరు ఒక రోగిని చూస్తాడు. ఎపిడెమియాలజిస్టు మొత్తం ఊరిని ఒక రోగిగా చూస్తాడు.

చిక్కు ఏమిటంటే, మన దేశంలో ఊరంటే ఒకటి కాదు. ఊరు, వాడ అని రెండు. ఆ రెంటినీ కలిపేసి ఒకే అంకె రాసినప్పుడు జబ్బు ఎక్కడుందో ఆ అంకె చెప్పదు.

డాక్టరు అడిగిన ఒక్క ప్రశ్న

2022 డిసెంబరులో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్‌లో దళిత వాడ పిల్లలకు జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రికి ఒకరి తర్వాత ఒకరు అదే వాడ నుంచి పిల్లలు వస్తుంటే డాక్టర్లకు అనుమానమొచ్చింది. తాగే నీళ్లు చూసుకోండి అని చెప్పారు. డిసెంబరు 26న వాడ యువకులు ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి చూస్తే లోపల మనిషి మలం ఉంది.

అందులో ఎవరు వేశారన్నది ఇప్పటికీ రగులుతున్న కేసు. 2025 జనవరిలో సీబీసీఐడీ అదే వాడకు చెందిన ముగ్గురిని నిందితులుగా చూపిస్తూ ఛార్జిషీటు వేసింది. బాధితులనే దోషులను చేశారంటూ వాడ జనం, దళిత సంఘాలు దాన్ని తిప్పికొట్టాయి. ఆ వివాదం అలా ఉంచి, ఆసుపత్రిలో జరిగినదాన్ని చూడండి. ఒక్కో పిల్లకు ఒక్కో సెలైన్ పెట్టి పంపేస్తే అది వైద్యం. వీళ్లంతా ఒకే చోటి నుంచి, ఒకే వారంలో ఎందుకొస్తున్నారు అని అడిగితే అది ఎపిడెమియాలజీ. ఆ ప్రశ్న పుట్టకపోతే వాడ ఇంకెన్ని రోజులు ఆ నీళ్లే తాగేదో!

నీళ్లకూ కులానికీ ఉన్న ఈ ముడి పాతదే. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో జనం చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత సవర్ణులు చెరువు ‘మైలపడింది’ అంటూ ఆవుపేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు అందులో పోయించి శుద్ధి చేశామన్నారు. పేడ కలిపితే నీళ్లు శుద్ధి, మనిషి తాకితే మైల! సూక్ష్మజీవి గురించి ప్రపంచానికి తెలిసిపోయిన కాలంలోనే ఇది జరిగింది. శుద్ధి వేరు, శుభ్రత వేరు. మన దేశపు ప్రజారోగ్యం ఆ రెంటినీ ఇంకా పూర్తిగా విడదీసుకోలేదని నా అభిప్రాయం. వాడలో జబ్బొస్తే ‘వాళ్లు శుభ్రంగా ఉండరు’ అనే మాట ముందుగా ఎందుకొస్తుందో ఆలోచించండి.

లవం, హారం

ఈ శాస్త్రానికి ఆరంభంగా అందరూ చెప్పే కథ లండన్‌ది. 1854లో సోహో ప్రాంతంలో కలరా విరుచుకుపడింది. చెడుగాలి వల్ల కలరా వస్తుందని పెద్ద డాక్టర్లంతా నమ్ముతున్న రోజులు. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్లు ఏ నీళ్లు తాగారో అడిగి రాసుకున్నాడు. బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు దగ్గర మరణాలు గుంపుకట్టి ఉన్నాయని చూపించి, పంపు పిడి తీయించాడు. ఆ కథ అందరికీ ఇష్టమే. నాకు మాత్రం అదే ఏడాది ఆయన చేసిన రెండో పని ఇంకా విలువైనదనిపిస్తుంది.

దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధుల్లో పక్కపక్క ఇళ్లకు నీళ్లిచ్చేవి. సౌత్‌వార్క్ అండ్ వాక్సాల్ కంపెనీ థేమ్స్ నదిలో పట్నం మురుగు కలిసే చోట నీళ్లు తోడేది. లాంబెత్ కంపెనీ అప్పటికే పైకి, మురుగు కలవని చోటికి మారింది. స్నో ఏం చేశాడు? ఎన్ని మరణాలు అని మాత్రమే లెక్కపెట్టలేదు. ఎన్ని ఇళ్లలో ఎన్ని మరణాలు అని లెక్కపెట్టాడు. మొదటి కంపెనీ 40,046 ఇళ్లలో 1,263 మరణాలు, అంటే పదివేల ఇళ్లకు 315. రెండో కంపెనీ 26,107 ఇళ్లలో 98 మరణాలు, అంటే పదివేల ఇళ్లకు 37. అదే వీధి, అదే గాలి. పేదా గొప్పా కలగలిసిన ఇళ్లు. తేడా నీళ్లలోనే ఉంది.

బడిలో నేర్చుకున్న భిన్నాలు గుర్తుచేసుకోండి. పైన లవం, కింద హారం. జబ్బుపడ్డవాళ్లు లవం. ఎంతమందిలో జబ్బుపడ్డారు అన్నది హారం. హారం లేని లవం అబద్ధం చెప్పగలదు. ఒక ఊళ్లో రెండు వేల మంది, ఆ ఊరి వాడలో నాలుగు వందల మంది ఉన్నారనుకుందాం. ఊళ్లో ఇరవై మందికి, వాడలో పదహారు మందికి విరేచనాలు పట్టుకున్నాయి. ‘కేసులు ఊళ్లోనే ఎక్కువ’ అని అధికారి అంటాడు. అంకె తప్పు కాదు. కానీ ఊళ్లో నూటికి ఒకరు, వాడలో నూటికి నలుగురు. వాడ మనిషికి ముప్పు నాలుగింతలు. ట్యాంకరు ముందు ఎక్కడికి వెళ్లాలో చెప్పేది ఈ రెండో లెక్కే.

అందుకే కులగణన మనకు రిజర్వేషన్ల వ్యవహారం మాత్రమే కాదు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. దేశం ఇన్నేళ్లుగా 2011 నాటి హారంతో బండి నడిపిస్తోంది. తదుపరి జనగణనలో కులాన్ని కూడా లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. తెలంగాణ 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి సర్వేలో ఎస్సీలు 61,84,319 మంది, అంటే 17.43 శాతం అని తేలింది. అంటే తెలంగాణలో హారం చేతికొచ్చింది. ఏ జబ్బుతో ఎంతమంది ఎస్సీలు చనిపోతున్నారన్న లవం మాత్రం ఎక్కడా లేదు.

నిర్వచనం మారిస్తే శవాలు మాయం

లెక్క మొదలుపెట్టకముందే ఎపిడెమియాలజిస్టు ఒక వాక్యం రాసుకోవాలి. ఎవరిని కేసు అనాలి? ఇరవైనాలుగు గంటల్లో మూడుసార్లకు మించి నీళ్ల విరేచనాలు అయినవాళ్లనా, ఒక్కసారి అయినా చాలా? కేసు నిర్వచనం అంటే ఇదే. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. రాజకీయమంతా ఇక్కడే దాక్కుని ఉంటుంది.

2023 జూలైలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ పార్లమెంటుకు రెండు మాటలు చెప్పింది. మొదటిది, మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చనిపోయినట్టు నివేదికలు లేవు. రెండోది, గత ఐదేళ్లలో మురుగుకాలువలు, సెప్టిక్ ట్యాంకులు ‘ప్రమాదకరంగా శుభ్రం చేస్తూ’ 339 మంది చనిపోయారు. మరణాలు సున్నా, మరణాలు 339. ఈ రెండూ ఒకే ప్రభుత్వం నోటి నుంచి ఎలా వస్తాయి? 2013 చట్టంలోని నిర్వచనాల వల్ల. మలాన్ని చేత్తో ఎత్తేవాడిని ఆ చట్టం ఒకలా, మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడిని మరోలా చూస్తుంది. తగిన పరికరాలు, రక్షణ కవచాలు ఇచ్చి పని చేయిస్తే వాడు అసలు మాన్యువల్ స్కావెంజరే కాడంటుంది. విషవాయువుకు ఈ నిర్వచనాలు తెలియవు. హైడ్రోజన్ సల్ఫైడ్ రెండు రకాల మనుషులనూ ఒకేలా చంపుతుంది.

ఆ 339లో ఏయే కులాలవారు ఎంతమంది? నమస్తే పథకం కింద మురుగు పనివాళ్ల వివరాలు సేకరించినప్పుడు మూడింట రెండు వంతుల మంది ఎస్సీలేనని తేలింది. దేశ జనాభాలో ఎస్సీలు ఆరింట ఒక వంతు. ఇంతకంటే సూటిగా లవాన్నీ హారాన్నీ ఎవరు చూపించగలరు?

ఈ మరణాలను లెక్కపెట్టడం మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు. బెజవాడ విల్సన్, ఆయనతో నడిచిన సఫాయి కర్మచారీ ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి పొడి మరుగుదొడ్లు, వాటిని ఎత్తే మనుషులు, మ్యాన్‌హోల్స్‌లో పోయిన ప్రాణాలు కాగితం మీద పెట్టారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 మార్చి 27న కోర్టు ప్రతి మరణానికీ పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న దాన్ని ముప్పై లక్షలు చేసింది. వాళ్లెవరూ ఎపిడెమియాలజీ డిగ్రీలు చదివినవాళ్లు కాదు. కోలార్ బంగారు గనుల పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన ఒక తెలుగు బిడ్డ, ప్రభుత్వం దగ్గర లేని రిజిస్టరును తయారుచేశాడు.

చావకుండా చిక్కిపోయేవాళ్ల సంగతి ఇంకా చీకటి. మన మున్సిపాలిటీల్లో పారిశుద్ధ్య పని ఎక్కువగా ఔట్‌సోర్సింగ్ మీదే నడుస్తోంది. ఊపిరితిత్తులు పాడైనవాడు, నడుము పోయినవాడు డ్యూటీకి రాలేడు. మస్టర్‌లో పేరు కొట్టేస్తారు. అప్పుడు సర్వే చేస్తే మస్టర్‌లో మిగిలినవాళ్లంతా గట్టిగా కనిపిస్తారు. పని మనుషులను నమిలి ఊసేస్తుంది, కాగితం మీద మాత్రం ఆరోగ్యమే కనిపిస్తుంది. ఈ శాస్త్రంలో దీన్ని ‘ఆరోగ్యవంతుడైన కార్మికుడి ప్రభావం’ అంటారు. పని మానేసినవాళ్లను వెతికి కలవని సర్వేను నమ్మనక్కర్లేదు.

నిర్వచనాల పేచీ మన ఊళ్లలోనూ చూస్తాం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. ఎంతమంది పోయారన్న దానిమీదే రోజులపాటు వాదన నడిచింది. అధికారులు చెప్పిన అంకె ఒకటి, గ్రామస్థుల అంకె ఒకటి. కొన్ని మరణాలకు వేరే జబ్బులు కారణమన్నారు. చివరికి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అక్కడికి వెళ్లినప్పుడు పదిమంది చనిపోయారన్నారు. షుగరున్న ముసలావిడ విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి చనిపోతే అది షుగరు చావా, నీళ్ల చావా? అతిసారం రాకపోతే ఆవిడ ఆ వారం బతికుండేదా అని అడిగితే చాలు, జవాబు దొరుకుతుంది.

‘కులం కాదు, పేదరికమే’

చదువుకున్నవాళ్ల సభల్లో ఎక్కువగా వినిపించే వాదన ఇది. దళితులకు జబ్బులెక్కువ నిజమే, కానీ వాళ్లు పేదలు కాబట్టి. కులాన్ని ఎందుకు లాగుతారు? ఈ వాదనకు కోపంతో జవాబు చెప్పనక్కర్లేదు. ఎపిడెమియాలజీ దగ్గర దీనికి పనిముట్టు ఉంది.

కారణంగా కనిపించే ఒకదాని వెనక ఇంకొకటి దాగి ఉండడాన్ని ‘కన్‌ఫౌండింగ్’ అంటారు. బీడీ తాగేవాళ్లకు టీ అలవాటు ఎక్కువ. అందుకని టీ వల్ల క్యాన్సర్ వస్తుందంటే తప్పు. బీడీ తాగేవాళ్లను ఒకవైపు, తాగనివాళ్లను ఒకవైపు పెట్టి, ఒక్కో గుంపులో మళ్లీ టీ సంగతి చూడాలి. అలాగే ఒకే స్థాయి ఆస్తి, ఒకే రకం ఇల్లు ఉన్న దళితులనూ సవర్ణులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా మాయమైతే పేదరికమే కారణం. మాయం కాకపోతే కులం తన పని తాను చేస్తోంది.

ఇది చేసి చూశారు. సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా 2010–11 నాటి వార్షిక ఆరోగ్య సర్వే నుంచి తొమ్మిది రాష్ట్రాల సమాచారం తీసుకుని 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అగ్రకుల హిందువుల కంటే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా తక్కువ, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువ. ఆస్తిపాస్తుల తేడాలు ఈ అంతరంలో సగం కూడా వివరించలేకపోయాయి. ఆ తొమ్మిదిలో ఆంధ్రప్రదేశ్ లేదు, కాబట్టి మూడేళ్ల అంకెను తెచ్చి ఇక్కడ అతికించను. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఆ లెక్క మన రాష్ట్రాల్లో ఎందుకు లేదన్నది.

మిగిలిన సగానికి పైగా ఎక్కడి నుంచి వస్తోంది? వాడ పల్లపు వైపున ఉండడం నుంచి, ఊరి మురుగు అటే పారడం నుంచి, నర్సమ్మ గుమ్మం దాటి లోపలికి రాకుండా చీటీ బయటి నుంచే అందించడం నుంచి, కాన్పు వార్డులో తిట్టు నుంచి. పసిపిల్లల మరణాల్లో ఇది కళ్లకు కడుతుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఐదేళ్లు నిండకుండా పోయినవాళ్లు ఎస్సీల్లో సుమారు 56 మంది, ఎస్టీల్లో 57 మంది. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని కుటుంబాల్లో 39 మంది లోపే. ఆ పదిహేడు మంది తేడాను పేదరికం అని ఒక్క మాటలో తోసేయడానికి ముందు లెక్క చూపించమని అడగాలి.

ఇక్కడ మన వైపు జరుగుతున్న తప్పు కూడా చెప్పుకోవాలి. ‘దళిత మహిళ అగ్రకుల మహిళ కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతుంది’ అన్న వాక్యం మన కరపత్రాల్లో, ప్రసంగాల్లో తరచూ వస్తుంది. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదికలోది అది. 39.5 ఏళ్లు, 54.1 ఏళ్లు. అంకెలు నివేదికలో ఉన్నవే. కానీ అవి ఆయుర్దాయం కాదు, సర్వే కాలంలో చనిపోయినవాళ్ల సగటు వయసు. ఈ రెండూ వేరు. పిల్లలూ పడుచువాళ్లూ ఎక్కువగా ఉన్న జనంలో, చనిపోయేవాళ్లలోనూ చిన్నవాళ్లు ఎక్కువుంటారు, సగటు దానంతటదే కిందికి దిగుతుంది. ప్రతి వయసులోనూ ముప్పు సమానమే అయినా దిగుతుంది. వయసుల తేడాను సరిచేశాక మిగిలే అంతరమే అసలు అంతరం. అది మూడేళ్లా, నాలుగేళ్లా అన్నది చిన్న విషయం కాదు. కోట్ల మంది బతుకుల్లోంచి తలా మూడేళ్లు కోసేయడం అది. పెద్ద అంకె పట్టుకుని ఎదుటివాడి చేతిలో ఓడిపోవడం కంటే, నిలబడే అంకె పట్టుకుని గెలవడం మేలని నాకు అనిపిస్తుంది.

కోవిడ్‌లో ఎవరు పోయారు?

కోవిడ్ మనకు ఒక పెద్ద పాఠం, పెద్ద మోసం కూడా. 2021 చివరి వరకు ప్రభుత్వం ఒప్పుకున్న మరణాలు దాదాపు 4 లక్షల 81 వేలు. 2020, 2021 సంవత్సరాల్లో భారత్‌లో మామూలు కంటే అదనంగా 47 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. కేంద్రం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. ‘అదనపు మరణాలు’ అన్న పద్ధతి చాలా సులువైంది. మామూలు ఏడాదిలో ఎంతమంది పోతారు, ఈ ఏడాది ఎంతమంది పోయారు, రెంటికీ తేడా ఎంత? టెస్టు చేశారా, సర్టిఫికెట్‌లో ఏం రాశారు అన్న గొడవ ఇందులో ఉండదు. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. కాబట్టి సర్టిఫికెట్ల మీద ఆధారపడితే మిగిలేది చీకటే.

అమెరికాలో కోవిడ్ మరణాలను జాతుల వారీగా ప్రభుత్వమే బయటపెట్టింది. నల్లజాతివాళ్లు, మూలవాసులు తెల్లవాళ్ల కంటే ఎక్కువ రేటున చనిపోతున్నారని తేలి అక్కడ గట్టి చర్చ జరిగింది. మన రోజువారీ బులెటిన్లలో కులం గడి ఒక్కరోజు కూడా లేదు. ఆ ఖాళీని కొందరు పరిశోధకులు వేరే దారిలో పూరించారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 14 రాష్ట్రాల్లోని కుటుంబాల సమాచారంతో 2024 జూలైలో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2019తో పోలిస్తే 2020లో ఆయుర్దాయం అగ్రకుల హిందువుల్లో 1.3 ఏళ్లు, దళితుల్లో 2.7 ఏళ్లు, ఆదివాసుల్లో 4.1 ఏళ్లు, ముస్లింలలో 5.4 ఏళ్లు పడిపోయింది. శాంపిల్ దేశానికి ప్రాతినిధ్యం వహించదని కేంద్ర ఆరోగ్య శాఖ కొట్టిపారేసింది. శాంపిల్ గురించి అడగడం న్యాయమైన ప్రశ్నే. మరి సివిల్ రిజిస్ట్రేషన్ మీ చేతుల్లోనే ఉంది కదా, కులాలవారీ లెక్క మీరే తీసి వాళ్లది తప్పని చూపించొచ్చు కదా అన్నది మన ప్రశ్న.

లెక్క ఆయుధమే కానీ ఎవరి చేతిలో ఉందన్నది చూసుకోవాలి. అదే 2020లో రోజూ ‘తబ్లీగీ కేసులు’ అని విడిగా చదివి వినిపించారు. ఢిల్లీ మర్కజ్‌కు వెళ్లొచ్చినవాళ్లను వెతికి వెతికి టెస్టులు చేశారు. ఎక్కువ వెతికిన చోట ఎక్కువ కేసులు దొరుకుతాయి. ఎన్ని టెస్టుల్లో ఎన్ని పాజిటివ్ అన్న హారం చెప్పకుండా లవం ఒక్కటే టీవీల్లో మోగించారు. కూరగాయలమ్మే ముస్లింలను వీధుల్లోంచి తరిమేసిన రోజులవి. కాబట్టి ఆరోగ్య లెక్కల్లో కులం గడి పెట్టమని అడిగేటప్పుడు రెండు షరతులు కూడా అడగాలి. వ్యక్తి పేరు బయటికి రాకూడదు. రేటు చెప్పకుండా కేసుల సంఖ్య చెప్పకూడదు.

వాడలో నోట్‌బుక్

ప్రభుత్వానికి ఒక నిఘా యంత్రాంగం ఉంది. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఏఎన్ఎం లక్షణాల ఫారం, డాక్టరు అనుమానిత కేసుల ఫారం, ల్యాబు నిర్ధారిత కేసుల ఫారం నింపి పైకి పంపాలి. ఎక్కడైనా జబ్బు ఒక్కసారిగా పెరిగితే బృందం దిగాలి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం మూర్ఛలు వచ్చి పడిపోయినప్పుడు ఈ యంత్రాంగం ఎలా కదులుతుందో చూశాం. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఇల్లిల్లూ తిరిగారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. ఢిల్లీ, హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద సంస్థలు వచ్చాయి. పట్నంలో, టీవీ కెమెరాల ముందు, వందల మంది ఒకేసారి పడిపోతే ఇంత కదలిక. వాడలో పదహారు మందికి విరేచనాలైతే ఓ బ్లీచింగ్ పౌడర్ బస్తా.

ఆ కార్యక్రమం విడుదల చేసే వారపు నివేదికల్లో జిల్లా, జబ్బు, కేసులు, మరణాలు ఉంటాయి. వాడ ఉండదు. కాబట్టి మొదటి లెక్క వాడలోనే మొదలవ్వాలి. ఇంటర్ చదివిన పిల్ల ఎవరైనా చేయగల పని ఇది. ఒక నోట్‌బుక్కులో పేరు, వయసు, ఏ రోజు మొదలైంది, ఏ కుళాయి లేదా ఏ బోరు నీళ్లు తాగారు, ఎక్కడ చూపించుకున్నారు, ఏమైంది అని గీతలు కొట్టి రాయాలి. శాస్త్రంలో దీని పేరు లైన్ లిస్ట్. జబ్బు పడనివాళ్లు ఏ నీళ్లు తాగారో కూడా రాయాలి. చాలామంది ఇది మరిచిపోతారు. స్నో గెలిచింది జబ్బు పడని ఇళ్లను కూడా లెక్కపెట్టడం వల్లే. పంచాయతీ దగ్గరుండే హెచ్2ఎస్ సీసాలో కుళాయి నీళ్లు పోసి ఉంచితే, నల్లగా మారితే అందులో మలినం ఉన్నట్టు. ఊరి కుళాయి నీళ్లు ఒక సీసాలో, వాడ కుళాయి నీళ్లు ఇంకో సీసాలో పోసి పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. తేదీ రాయండి.

మరణాలు 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. వాడలో ముసలివాళ్లు పోతే, పురిటిబిడ్డలు పోతే నమోదు ఎందుకులే అని వదిలేస్తాం. పింఛను, పొలం ఉన్నవాళ్లకే ఆ కాగితంతో పని అనుకుంటాం. నమోదు కాని బిడ్డ ఏ రేటులోకీ ఎక్కదు.

ఆ నోట్‌బుక్ చేతిలో ఉంటే తర్వాతి పని సమాచార హక్కు అర్జీ. మూడు విషయాలు అడగొచ్చు. గత మూడేళ్లలో ట్యాంకు శుభ్రం చేసిన తేదీలు, ఊరి వైపూ వాడ వైపూ విడివిడిగా చేసిన నీటి పరీక్షల ఫలితాలు, ఉపకేంద్రం నుంచి వారం వారం పైకి వెళ్లిన ఫారాల నకళ్లు. గ్రామ స్థాయి కార్యాలయంలో అర్జీకి ఫీజు లేదు. మండల స్థాయిలో ఐదు రూపాయలు. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. వాళ్లు ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, కాబట్టి వానలు మొదలయ్యే ముందే, మే నెలలోనే అర్జీ పెట్టండి.